పొగ రాని నిప్పు

ఎమ్మిగనూరు సంతలో పాతచీరలు అమ్మే సాయిబును ఊరికే అడిగాను, "అవ్వ ఈ ఏడు కనపడలేదేం?" అని.

"ఏ అవ్వ మేడం?"

"బొంతలు కుట్టే అవ్వ."

ఆయన చేతిలో చీర మడత పెట్టడం ఆపాడు. "మీకు తెలీదా? పోయినాది. నెల కావస్తాంది. సలికి సచ్చిపోయినాది పాపం."

ఎమ్మిగనూరులో ఇంకెవరైనా చలికి పోయారంటే నమ్మేదాన్ని. అవ్వ చలికి పోయిందంటే ఎలా నమ్మేది? మా వీధుల్లో చలికాలం వచ్చిందని పంచాంగం చూసి చెప్పుకోం. అవ్వ తిట్లు మొదలైతే వచ్చినట్టు.

మాది ఎండల ఊరు. మే నెలలో ఎలా బతకాలో మా పసిపిల్లలకు కూడా తెలుసు. చలి మాత్రం ప్రతి ఏడూ చెప్పాపెట్టకుండా దిగిన చుట్టమే మాకు. పుష్యమాసంలో మా బండల మిద్దెలు పైనుంచి, కిందనుంచి చల్లబడుతుంటే అప్పుడు పెట్టె తెరిచి దుప్పటి వెతుకుతాం, అది ఎలుకలు కొట్టి ఉంటుంది. అవ్వ ఒక్కతే శ్రావణమాసం నుంచి తయారయ్యేది. ఇల్లిల్లూ తిరిగి పాతచీరలు అడిగేది. ఇచ్చిన చీరను కంటితో చూసేది కాదు, చెంపకు రుద్దుకునేది. నూలుదైతే చంకలో పెట్టుకునేది. పాలిస్టరుదైతే మొహాన కొట్టినట్టు తిరిగి ఇచ్చేది.

"ఇది కప్పుకుంటే సలి నవ్వుతాది మ్మా. స్టీలు గిన్నెలోడు వస్తాడు, వానికి ఏసుకో."

దబ్బనం ఎప్పుడూ కొప్పులోనే ఉండేది. దారం మగ్గాలవాళ్ళ దగ్గర తెగిన పోగులు ఏరుకొచ్చి పేనుకునేది. నాలుగు పొరల బొంత పెద్దవాళ్ళకు, మెత్తటి పాతపంచె లోపల వేసి చిన్నబొంత పసిపిల్లలకు. కార్తీకం దాటాక ఎవరైనా బొంత కావాలని వస్తే ముందు పావుగంట తిట్టేది. "సలి వచ్చి నెత్తిన కూచున్యాక వచ్చినావా? ఇల్లు కాలేటప్పుడు బాయి తవ్వుతావా నువ్వు?" అని తిడుతూనే కొలత తీసుకునేది. తిట్టించుకోవడం ఇష్టంలేక నేను పెళ్ళికి ముందు ఒకసారి బజారులో రగ్గు కొన్నాను. మూడేళ్ళు నాతో మాట్లాడలేదు.

పొద్దున్నే పత్తి విడిపించడానికి పోయే ఆడవాళ్ళు ఆటోల కోసం నిలబడే చోట ఆమె కూడా నిలబడేది, పని లేకపోయినా. ఒక్కొక్కరి కొంగు లాగి చెవుల మీదుగా చుట్టేది. "సెవులు కప్పుకోండే. అరికాల్లకు ఆముదం పెట్టుకోండే. మంచు ఆరేదాంక సేన్లోకి దిగొద్దండే, మేస్త్రీ అరిస్తే అరవనీ" అని చెప్తుంటే ఆటోలో వాళ్ళు పగలబడి నవ్వేవాళ్ళు. నవ్వుతూనే చెవులు కప్పుకునేవాళ్ళు.

ఇదంతా ఆమె సరదా. అసలు పని బాలింతలకు, పసిబిడ్డలకు నీళ్ళు పోయడం. మా నాలుగు వీధుల్లో ఎవరు పురుడు పోసుకున్నా నలభై రోజులు అవ్వ రావలసిందే. వావిలాకు వేసి కాచిన నీళ్ళలో మోచెయ్యి ముంచి చూసేది. కాళ్ళు చాపుకుని బిడ్డను ముంగాళ్ళ మీద బోర్లా వేసుకుని నూనె రుద్దుతుంటే ఎంత ఏడ్చే బిడ్డా నిద్రలోకి జారుకునేది. కానీ ఆమెకొక పిచ్చి ఉండేది. ఏ ఇంట్లోకి పోయినా బాలింత గది తలుపు పూర్తిగా మూయనిచ్చేది కాదు. పీటో చాటో, చేతికి ఏది దొరికితే అది తలుపు సందులో అడ్డం పెట్టేది. బాలింతకు గాలి తగలకూడదని మా వాళ్ళకు పెద్ద పట్టింపు. ఈమెకు గాలి తగలాలని పట్టింపు. నీళ్ళు బాగా పోస్తుంది గనక అందరూ ఆ పిచ్చిని భరించేవాళ్ళు, ఆమె గడప దాటగానే పీట తీసి తలుపు మూసేవాళ్ళు.

నేను మొదటి కాన్పుకు ఆదోని నుంచి అమ్మ దగ్గరికి వచ్చింది అలాంటి చలికాలంలోనే. పదిహేనేళ్ళయింది. ఆ ఏడు చలి మరీ ఎక్కువ. అమ్మ నా గది కిటికీ సందుల్లో గోనెపట్టా ముక్కలు కూరింది. తలుపు కింద పాతచీర దోపింది. నులకమంచం కింద కుంపటి పెట్టింది. బాలింతను వెచ్చగా ఉంచడమంటే మా ఇళ్ళల్లో అదే పద్ధతి, మా అమ్మకు వాళ్ళమ్మ అలాగే చేసింది. కట్టెలైతే పొగ వస్తుందని, ఇస్త్రీ బండి అతని దగ్గర మంచి బొగ్గులు తెప్పించింది.

కుంపటి చూసి అవ్వ మొదటిరోజే గొడవ పెట్టుకుంది.

"ఈ గదిలో ఇది వద్దు మ్మా. బయట కాచి, సెగ పట్టిన గుడ్డలు లోపలికి ఈయి."

"పొగ యాడుంది అవ్వా? సక్కని బొగ్గులు," అంది అమ్మ.

"పొగ వచ్చే నిప్పే మేలు. దగ్గిచ్చి లేపుతాది. పొగ రాని నిప్పు దొంగది, నిద్దర్లోనే తీసుకపోతాది."

"నలుగురు బిడ్డల్ని కన్న్యా నేను. నాకు నేర్పుతావా?"

అవ్వ పీట తెచ్చి తలుపు సందులో పెట్టింది. ఆమె పోగానే అమ్మ ఆ పీట తీసేసింది. ఎనిమిది రోజులు ఇదే పని ఇద్దరికీ.

నా సంగతి చెప్పుకోవాలంటే సిగ్గు. నేను హైస్కూల్లో భౌతిక రసాయన శాస్త్రాలు చెప్పే టీచర్ని. బొగ్గు సరిగా గాలి అందక కాలితే పుట్టే విషవాయువుకు రంగు లేదు, వాసన లేదు అని పిల్లల చేత పదేపదే వల్లె వేయించినదాన్ని. ఆ కుంపటి మీద చేతులు కాచుకుంటూ ఒక్కసారి కూడా ఆ పాఠం నాకు గుర్తుకు రాలేదు. పాఠం బడిలో ఉండేది, కుంపటి మా అమ్మ పెట్టింది.

తొమ్మిదో రోజు తెల్లవారుజామున చలికి తట్టుకోలేక నేనే అడిగి రెండో కుంపటి పెట్టించుకున్నాను. తెల్లవారాక అమ్మ పాలకు పోతూ, పిల్లి దూరుతుంది, లోపల గడియ పెట్టుకోమంది. పెట్టుకున్నాను. తల పగిలిపోతున్నట్టుంది. కాసేపు పడుకుంటే తగ్గుతుందనుకున్నాను. బిడ్డ ఏడవడం లేదని సంతోషపడ్డాను కూడా.

ఆ తర్వాత నాకు తెలిసింది చన్నీళ్ళు. మొహం మీద, రొమ్ము మీద గుభాలున పడ్డాయి. కిటికీ తలుపులు విరిగి వేలాడుతున్నాయి, ఊచల అవతల అవ్వ మొహం ఉంది. ఎంత పిలిచినా పలకకపోతే రోకలి తెచ్చి కిటికీ పగలగొట్టిందట. "లెయ్! గడియ తియ్! లేసి గడియ తియ్యే!" అని అరుస్తోంది. లేవలేకపోయాను. ఇంకో చెంబు నీళ్ళు వచ్చి పడ్డాయి. మంచం మీద నుంచి కింద పడి, పాక్కుంటూ పోయి గడియ తీశాను. అవ్వ నన్ను తొక్కుకుంటూ లోపలికి పోయి, బిడ్డను ఎత్తుకుని వాకిట్లోకి పరిగెత్తింది. ఒంటి మీద గుడ్డలన్నీ లాగేసి, ఆ చలిగాలిలో, బిడ్డ అరికాళ్ళ మీద చిటికెలు కొట్టడం మొదలుపెట్టింది. నేను గడపలో కక్కుకుంటూ చూస్తున్నాను. ఎంతసేపు కొట్టిందో నాకు తెలియదు. బిడ్డ ఏడ్చింది.

సరిగ్గా అప్పుడే మా అమ్మ పాలచెంబుతో వచ్చింది. ఆమె చూసింది ఇదీ: కిటికీ పగిలింది, కూతురు తడిసి ముద్దయి నేల మీద పడుంది, తొమ్మిది రోజుల మనవరాలు పుష్యమాసపు చలిలో గుడ్డ లేకుండా అవ్వ చేతుల్లో ఏడుస్తోంది.

"ఏం పోయేకాలం వచ్చిందే నీకు? బాలింత మీద సన్నీల్లు పోస్తావా? నా బిడ్డల్ని సంపుతావా?"

ఇరుగుపొరుగు చేరారు. అవ్వ బిడ్డను తన కొంగులో చుట్టి నాకిచ్చింది. మా అమ్మ మొహం వైపు ఒక్క క్షణం చూసింది. "కుంపట్లు బయటేయండి. వాకిలి మూయొద్దండి," అని మాత్రం చెప్పి, తన సామాను తీసుకుని వెళ్ళిపోయింది.

నాలుగు రోజులకు బిడ్డకు జలుబు చేసి ఆస్పత్రిలో పెట్టాం. ఇంకేముంది! వేన్నీళ్ళు పోయాల్సిన మనిషి బాలింత మీద చన్నీళ్ళు కుమ్మరించిందన్న మాట మగ్గాల వీధులన్నీ తిరిగింది. ముసలిదానికి మతి చెడిందన్నారు. బిడ్డలు పుట్టిన ఇంటి మీద ఏడుపన్నారు. ఆ తర్వాత మా నాలుగు వీధుల్లో ఎవరూ ఆమెను నీళ్ళు పోయడానికి పిలవలేదు.

నాకు ఆస్పత్రిలో చేరిన మూడో రోజే అర్థమైంది. బిడ్డ మంచం పక్కన కూర్చుని ఆ తలనొప్పి, ఆ కాళ్ళు కదలకపోవడం ఒకదాని పక్కన ఒకటి పెట్టుకుంటే నా పాఠమే నాకు కనిపించింది. చెప్పాలని నోటిదాకా వచ్చేది. అమ్మ నా పక్కనే నేల మీద కూర్చుని బిడ్డ కోసం రోజంతా దేవుళ్ళకు మొక్కుతుండేది. ఈమెకు ఎలా చెప్పను, నువ్వే మమ్మల్ని చంపబోయావని? బొగ్గుల వాసన పడటం లేదని ఒక అబద్ధమాడి, కుంపటిని మళ్ళీ గదిలోకి రానివ్వలేదు. అంతకు మించి నోరు తెరవలేదు. పైగా అమ్మ ప్రతి పేరంటంలో ఆ కథ చెప్తుంటే పక్కన కూర్చుని విన్నాను. నేను పిరికిదాన్ని. దాన్ని ఇన్నేళ్ళూ అమ్మ మీద ప్రేమ అని పిలుచుకున్నాను.

అవ్వతో మళ్ళీ మాట్లాడింది ఆరేళ్ళ కిందట, ఇదే సంతలో. నాలుగు బొంతలు ముందేసుకుని కూర్చుంది. నన్ను చూసి, నిన్న విడిపోయినట్టే అడిగింది. "బిడ్డ ఎంత ఎత్తుంది ఇప్పుడు?" నా నడుము పైన చెయ్యి పెట్టి చూపించాను. ఆమె ఆ చేతి వైపే చాలాసేపు చూసింది.

"అవ్వా, ఆ రోజు..." అన్నాను.

"తెల్సు తల్లీ నీకు తెల్సని. సదువుకున్నేదానివి." చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "నాకొక కూతురుండె. తొలిసూరు కాన్పు. నేనే కుంపటి పెడితి, నేనే కిటికీకి గుడ్డలు కూరితి. తెల్లారి పోయి సూస్తే తల్లీబిడ్డా ఎర్రగా, నిద్దరపోతాన్నెట్లే ఉండిరి. సలికి పోయినారనుకున్యాం అందరమూ. శానా దినాలకు ఆసుపత్రిలో ఒగ నర్సమ్మ సెప్పె, కుంపటి అట్ల సేస్తాదని. ఆ పొద్దు నుంచి నా ఇంట్లో వాకిలి మూయలా."

నాకు ఏడుపు ఆగలేదు. "మా అమ్మకు చెప్తాను అవ్వా. అందరికీ చెప్తాను. నీ పని పోయింది నా వల్లే."

ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "వద్దు. మీ యమ్మకు మాత్రం సెప్పొద్దు. అది తెల్సుకుని బతికేది ఎట్లుంటాదో నాకు తెల్సు. పగోల్లకు కూడా వద్దు ఆ బతుకు. ఇద్దరూ బతికినారు గదా. నన్నంటే అననీలే."

ఆ మాట నాకు సెలవు చీటీలాగా పనికొచ్చింది. ఆమే వద్దంది గదా అనుకుంటూ ఇంకో ఆరేళ్ళు హాయిగా ఊరుకున్నాను. ప్రతి చలికాలం ఒక బొంత మాత్రం కొనేదాన్ని, ఆమె చెప్పిన ధరకు.

సంత నుంచి నేరుగా అమ్మ దగ్గరికి పోయాను. అమ్మ వసారాలో కూర్చుని పచ్చికందికాయలు ఒలుస్తోంది. డెబ్బై దాటింది ఆమెకు. అవ్వ పోయిందని చెప్పాను. ఆమె చేతులు ఆగలేదు. చెప్పేస్తే ఏమవుతుందోనని ఇన్నేళ్ళూ భయపడ్డాను గానీ, ఇక చెప్పకుండా అక్కడ కూర్చోలేకపోయాను.

"అమ్మా, ఆ రోజు అవ్వ మమ్మల్ని బతికించింది. కుంపటి వల్ల..."

"తెల్సు," అంది అమ్మ.

"ఏం తెలుసు?"

"ఆ పొద్దే తెల్సు. కుంపట్లు ఎత్తేదానికి లోపలికి పోతే నాకే కాల్లు తేలిపాయె. గోడ పట్టుకుని బయటికొస్తి." ఒక కందికాయ ఒలిచింది. "అప్పుడే తెల్సిపాయె."

"మరి ఎందుకమ్మా? ఊరంతా అట్లా చెప్పుకుంటూ తిరిగావు?"

అమ్మ చేతిలోని కందికాయ చాటలో పడేసింది. "సెప్పకుంటే ఆమెకు పని పోతాది. సెప్తే నాకు నువ్వు పోతావనుకున్యా. మల్ల కాన్పుకు నా ఇంటికి వస్తావా నువ్వు? బిడ్డను నా సేతికిస్తావా?" చాట పక్కకు నెట్టేసి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. నేను ఇన్నేళ్ళు ఎవరిని కాపాడుతున్నాననుకున్నానో ఆమెకు ఏ కాపాడటమూ అవసరం లేదు. మేమిద్దరం ఒకే నిజాన్ని చెరొక పక్క కూర్చుని దాచుకున్నాం, అవ్వ పని పోగొట్టుకుంది.

"ఆమె ఇల్లు తెల్సా నీకు?" అని అడిగింది అమ్మ, లేచి.

ఊరి చివర కాలనీలో ఒకటే గది ఇల్లు. అవ్వ కోడలు అప్పుడే పత్తి చేను నుంచి వచ్చి, తలకు కట్టుకున్న తువ్వాలు విప్పుతోంది. మమ్మల్ని ఎవరని అడగకుండానే చెంబుతో నీళ్ళిచ్చింది. అత్త గురించి వచ్చామంటే చెప్పుకొచ్చింది. "వాకిలి మూయనిస్తాండ్లే మా. మేం మూస్తే లేసి తీస్తాండె. వాకిలికి అడ్డంగా తానే పండుకుంటాండె. ఈ ఏడు సలి శానా ఉండె గదా, నిమ్ము సేసె. ఆసుపత్రికి తీస్కపోయినా నిలబడలా."

కొళాయి దగ్గర బిందెలు పట్టుకుని నలుగురు ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. మా అమ్మ వాళ్ళకు కూడా వినపడేలా చెప్పింది. కుంపటి పెట్టింది నేను, కిటికీ మూసింది నేను, నా కూతుర్ని, మనవరాలిని బతికించింది ఆమె, ఆమె పేరు చెడగొట్టింది నేను, అని ఒక్కొక్కటే చెప్పింది. ఎక్కడా మాట తడబడలేదు. అమ్మ అట్లా మాట్లాడగా నేనెప్పుడూ చూడలేదు.

కోడలు తువ్వాలు చేతిలో పట్టుకుని అలాగే నిలబడింది. ఆమెకు ఇవేవీ తెలియవని అప్పుడు అర్థమైంది నాకు. అవ్వ ఇంట్లో కూడా చెప్పలేదు.

"మీ గురించి మా అత్త ఎప్పుడూ ఏం సెప్పలా మా," అంది. "నీల్లు పోసే పని యాల మానుకుంటివని ఎన్నిసార్లు అడిగినామో. సేతులు వనకతాండాయి, బిడ్డ జారిపోతాదని బయం, ఇంగ నాతో కాదు అనె. మా ఆయన నమ్మలా. కూకోని తినేదానికి సాకు అని శానా మాటలన్న్యాడు. పత్తికన్నా పోమని మేమే పంపితిమి, ఆ మంచులో." మా అమ్మ దగ్గరికి ఒక అడుగు వేసింది. "అప్పుడు ఆమె సేతులు బాగనే ఉండెనా మా?"

"బాగనే ఉండె," అంది అమ్మ.